మగపిల్లలను క్యారమ్స్ ఆడుకోమన్న భద్రతా తరగతి

తిరుపతిలో వేసవి సెలవులు మొదలవుతూనే అపార్ట్‌మెంట్ల లిఫ్టుల పక్కన, పాల అంగళ్ళ గోడల మీద ఈత, కరాటే, అబాకస్, చేతిరాత తరగతుల కాగితాలు వెలుస్తాయి. ఈసారి వాటి మధ్య ‘ఇంట్లోనూ బయటా పిల్లల భద్రత’ అన్న కాగితం ఒకటి కనిపించింది. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు, వరుసగా రెండు ఆదివారాలు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు, ఒక్కొక్కరికి 900 రూపాయలు. తల్లిదండ్రులు కూడా వచ్చి వెనక కూర్చోవచ్చునని అందులో రాసి ఉండడం నాకు నచ్చింది. పిల్లలను లోపలికి పంపించి తలుపు మూసే తరగతుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. తొమ్మిదేళ్ళ మా పాపను, ఏడేళ్ళ మా బాబును చేర్పించాను. నిర్వాహకుల పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి తరగతులు ఊళ్ళో మరికొన్ని నడుస్తున్నాయి, డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు ఏమి అడగాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

తరగతి ఒక కల్యాణ మండపం మిద్దె మీద జరిగింది. మొదటి అరగంట జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథి ప్రసంగంతో గడిచిపోయింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఆ తరువాత జరిగిన అభ్యాసం ఒక్కటే 900 రూపాయలకు సరిపోతుందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

శిక్షకుడు పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి, ‘కొత్తవాళ్ళు పిలిస్తే వెళ్తారా?’ అని అడిగాడు. ‘వెళ్ళం’ అని మండపం దద్దరిల్లేలా అరిచారు. మా వాడి గొంతు అందరికంటే పైన వినిపించింది. పావుగంట తరువాత ఏదో ఆట అని చెప్పి పిల్లలను ఒక్కొక్కరినే పక్క వరండాలోకి పంపారు. అక్కడ వాళ్ళు అంతకుముందు చూడని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నుదుట నామం, మెడలో కండువా, చేతిలో లడ్డూ ప్రసాదం కవరు. మా వాడి నీళ్ళ సీసా మీద నేనే రాసిన పేరును ఒక చూపు చూసి, ఆ పేరుతోనే పిలిచి, ‘నాయనా, మీ నాన్న బండి మీద నుంచి పడినాడు, రుయా ఆసుపత్రిలో ఉన్నాడు, మీ అమ్మ నిన్ను తీసుకురమ్మని నన్ను పంపింది’ అన్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న నేను, నా కొడుకు ఏడుపు మొదలుపెడతాడనో, వెనక్కి తిరిగి పరుగెత్తుతాడనో అనుకున్నాను. వాడు ఆయన చేతిలో చెయ్యి పెట్టాడు. రెండడుగులు వేసి ఆగి, ‘తాతా, నా సంచి తెచ్చుకుంటా, ఉండు’ అని లోపలికి వచ్చాడు. పద్దెనిమిది మంది పిల్లల్లో పదమూడు మంది ఆయన వెంట మెట్ల దాకా నడిచారు. అరిచి చెప్పిన జవాబుకూ, చేసిన పనికీ మధ్య ఉన్న దూరాన్ని మా కళ్ళకు కట్టడానికి అంతకంటే ఇంకేమీ అవసరం లేకపోయింది.

ఆ తరువాత శిక్షకుడు చెప్పిన మాటలు కూడా సూటిగానే ఉన్నాయి. పిల్లల ఊహలో కొత్తవాడంటే ఎర్రటి కళ్ళతో, పెద్ద మీసాలతో, గోనెసంచి భుజాన వేసుకుని వచ్చేవాడు. నామం పెట్టుకుని, పేరు పెట్టి పిలిచి, నాన్న గురించి మాట్లాడేవాడు వాళ్ళ లెక్కలో కొత్తవాడు కాడు. దీనికి నేను ఒక మాట చేర్చాలి. మన భాషలోనే ఈ చిక్కు కొంత ఉంది. మన ఇళ్ళలో వ్యాను నడిపేవాడు అన్న, కూరగాయల బండామె అక్క, వాచ్‌మన్ మామ, కేబుల్ పనికి వచ్చినాయన చిన్నాయన. వరస పెట్టి పిలవకపోతే మర్యాద తెలియదంటాం. తొలి పలకరింపులోనే ఊరందరినీ చుట్టాలను చేసి పెట్టి, ఆనక ‘కొత్తవాళ్ళతో మాట్లాడవద్దు’ అంటే, ఆ కొత్తవాళ్ళు ఎవరో పిల్లలకు ఎలా తెలియాలి? మా వాడు ఆ మనిషిని తాతా అని పిలవడానికి రెండు క్షణాలు పట్టలేదు. అందుకని మనిషి ఎవరన్నది కాక, ఆ మనిషి ఏమి అడుగుతున్నాడన్నది పిల్లలు గమనించాలని ఆయన నేర్పించాడు: అమ్మకు చెప్పకుండా రమ్మంటున్నాడా, తొందరపెడుతున్నాడా, ఇంట్లో చెప్పొద్దంటున్నాడా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వినబడినా ఎంత దగ్గరివాళ్ళయినా సరే, మూడడుగులు వెనక్కి వేసి, తెలిసిన పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఇది చెప్పి ఊరుకోకుండా, మళ్ళీ వరండాలోకి పంపి, మళ్ళీ అదే నాటకం వేయించాడు. రెండోసారి ఆరుగురు వెళ్ళారు, మూడోసారి ఇద్దరు.

ఇంటికి ఒక సంకేత పదం పెట్టుకోమని కూడా సలహా ఇచ్చాడు. ఎవరైనా అమ్మ పంపిందని వస్తే ఆ మాట అడగాలి, చెప్పలేకపోతే కదలకూడదు. మేము ఆ రాత్రి భోజనాల దగ్గర ‘ఉర్లగడ్డ’ అని ఖాయం చేసుకున్నాం. బయటి జిల్లాలవాళ్ళెవరైనా బంగాళాదుంప అంటారు కాబట్టి అది మరీ భద్రమని మా వారు నవ్వారు. బుధవారం సాయంత్రానికి మా అంతస్తులోని పిల్లలందరికీ ఆ మాట తెలిసిపోయింది. పక్కింటి పాప మా తలుపు కొట్టి ‘ఉర్లగడ్డ’ అని అరిచి పారిపోయింది. సంకేత పదాన్ని ఒకసారి వాడాక మార్చాలని, అది ఆట వస్తువు కాదని, ఎవరికి చెప్పకూడదో కూడా పిల్లలతో అభ్యాసం చేయించాలని తరగతిలో ఎవరూ చెప్పలేదు. ఇది చిన్న లోపమే. ఇప్పుడు మా మాట వేరు, నెలకొకసారి మారుతుంది. నీళ్ళ సీసా మీద, సంచి మీద బయటికి కనిపించేలా రాసిన పేర్లను మాత్రం ఆ రాత్రే చెరిపి, లోపలివైపున రాశాను.

అరుపు అభ్యాసం గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి. ఆపదలో గట్టిగా అరవాలని అందరూ చెబుతారు. మా పాపను ముందుకు పిలిచి, చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టు నటిస్తూ అరవమంటే, నోరు తెరిచింది కానీ గొంతు పెగలలేదు. రెండోసారి గుసగుసలాడినట్టు ‘వదలండి’ అంది, అదీ బహువచనంలో, మర్యాదగా. వెనక కూర్చున్న తల్లులం నవ్వాం, కానీ నా నవ్వు మధ్యలోనే ఆగింది, ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా ‘మెల్లిగా మాట్లాడు, ఆడపిల్లవి’ అని ఆ గొంతును అణచినవాళ్ళలో నేనూ మా అత్తగారూ ముందున్నాం. ఆమెను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, రోడ్డు అవతల ఉన్న టీ అంగడాయన తల తిప్పి చూసేదాకా అరవమన్నాడు శిక్షకుడు. నాలుగోసారికి ఆయన తల తిప్పాడు. ఏమని అరవాలో కూడా నేర్పించాడు. ‘కాపాడండి’ అనో ‘అమ్మా’ అనో అరిస్తే మన ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు. బస్టాండు దగ్గర, విష్ణునివాసం ముందర, గోవిందరాజస్వామి కోవెల వీధుల్లో బొమ్మ కోసమో, ఆకలికో ఏడ్చే యాత్రికుల పిల్లలు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళను ఈడ్చుకుపోయే నాన్నలూ ఉంటారు. ‘ఈయన మా నాన్న కాదు, నాకు తెలియదు’ అని అరిస్తే మాత్రం చూసేవాడి అడుగు ఆగుతుంది. ఇంత చిన్న తేడా నాకు ఇన్నేళ్ళలో తోచలేదు.

జనంలో తప్పిపోవడం గురించి శిక్షకుడు చెప్పినవన్నీ ఏ ఊరికైనా పనికొచ్చేవే. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే ఆగడం, పోలీసునో, అంగట్లో కూర్చున్నవాళ్ళనో, పిల్లలతో ఉన్న ఆడమనిషినో సాయం అడగడం, అమ్మానాన్నల ఫోను నంబరు పాటలా నేర్చుకోవడం. తిరుపతికే ప్రత్యేకమైన విషయాన్ని మాత్రం ఆయన కాక, వెనక వరుసలో కూర్చున్న ఒక అవ్వ లేచి చెప్పింది. ‘కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాక పిల్లోడికి వాళ్ళ నాయన గుర్తుపట్టేదానికి రాడు సార్, మా మనవడు ఆడనే పోయినాడు’ అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తండ్రికీ, తాతకూ, పిల్లవాడికీ ఒకేసారి గుండు అయ్యాక, జనంలో వంద గుండ్ల మధ్య పిల్లవాడు తండ్రిని పోల్చుకోలేడు. అదే సమయంలో తండ్రి ఫోనులో ఉన్న ఫోటోలో పిల్లవాడికి ఒత్తైన జుట్టు ఉంటుంది, దాన్ని పోలీసులకు చూపినా ఉపయోగం లేదు. గుండు చేయించిన వెంటనే పిల్లలకు ఒక ఫోటో తీసి, పిల్లలకు మన ముఖాన్ని మళ్ళీ ఒకసారి చూపించి, ‘నేను ఇలా ఉన్నాను, ఈ రంగు చొక్కా’ అని చెప్పాలి. గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టినప్పుడు కూడా ఇదే తంటా. ఇంట్లో వేషం కట్టే మనిషి ఉంటే, పిల్లలు చూస్తుండగానే రంగు పూయించుకోవడం మంచిదని ఆ అవ్వే చెప్పింది. శిక్షకుడు ఈ మాటలు తన పుస్తకంలో రాసుకోవడం చూశాను, అది ఆయన మీద గౌరవాన్ని పెంచింది. బ్రహ్మోత్సవాల్లో పోలీసులు పిల్లల చేతికి తల్లిదండ్రుల ఫోను నంబరున్న ట్యాగు కట్టడం అందరికీ తెలిసిందే. మామూలు రోజుల్లో కూడా పిల్లవాడి ముంజేతి మీద పెన్నుతో నంబరు రాస్తే సరిపోతుంది. అయితే ఆ నంబరుకు ఎవరో దయగలవాళ్ళు ఫోను చేసినప్పుడు, అమ్మకాల ఫోన్ల బెడదతో తెలియని నంబర్లను ఎత్తడం మానేసిన మనం ఆ ఫోనును కూడా ఎత్తకపోవచ్చని ఒక తండ్రి గుర్తు చేశాడు. గుడికి వెళ్ళిన రోజున ఏ నంబరు వచ్చినా ఎత్తాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం.

రెండో ఆదివారం ఇంటి భద్రతతో మొదలైంది, అక్కడినుంచి తరగతి జారిపోయింది. మొదట్లో బాగానే ఉంది. ఒక ఖాళీ సిలిండరు, రెగ్యులేటరు తెచ్చి, రాత్రి పడుకునే ముందు నాబు తిప్పడం పిల్లలచేత చేయించారు. గ్యాసు వాసన వస్తే దీపం, ఫ్యాను స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలని, గ్యాసు లీకుకు 1906 నంబరు ఉందని చెప్పారు. ఇంటికి వెళ్ళి పిల్లలే ఇల్లంతా తనిఖీ చేయాలని ఒక కాగితం ఇచ్చారు. ఆ సాయంత్రం మా పాప పెన్సిలు చెవిలో పెట్టుకుని, మున్సిపాలిటీ అధికారిలా ఇల్లంతా తిరిగి, స్నానాల గది మూలన కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉన్న యాసిడ్‌ను పట్టుకుంది. పసుపురంగు సీసాలో, మా వాడు రోజూ తాగే రసంలాగే కనబడే ద్రవం. అది పోసింది నేనే. ఎలుకల మందు, దోమల మందు, ఫినాయిలు ఏదైనా సరే తినే, తాగే వస్తువుల డబ్బాల్లో పోయకూడదన్న ఒక్క నియమం మా ఇంట్లో ఆ రోజు నుంచే అమలైంది.

ప్రథమ చికిత్స దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఆ భాగం చెప్పడానికి వచ్చినాయన వేరు, శిక్షణ పొందినవాడిలా కనబడలేదు. చెయ్యి కాలితే టూత్‌పేస్టు పూయమన్నాడు, పాము కరిస్తే కాటుకు పైన తాడుతో బిగించి కట్టమన్నాడు, కిరోసిన్ తాగిన పిల్లవాడికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించమన్నాడు. మూడూ తప్పే. కాలిన చోట పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయకుండా, ఇరవై నిమిషాల పాటు చల్లటి నీళ్ళు ధారగా పోయాలి. కొళాయి నీళ్ళు రాని వేళయితే బకెట్టు, చెంబు చాలు. పాము కరిచినప్పుడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం కీడే చేస్తాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పిల్లవాడిని నడిపించకుండా, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగితే వాంతి చేయించడం మరీ ప్రమాదం, ఎందుకంటే కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, యాసిడ్ గొంతును రెండోసారి కాల్చేస్తుంది. శేషాచలం కొండల అంచున ఉన్న ఊరు మనది, వానాకాలంలో పెరట్లోకి పాము రావడం వింత కాదు. ఇక్కడి పిల్లలకు ఈ పాఠం తప్పుగా నేర్పడమంటే అసలు నేర్పకపోవడం కంటే నష్టం. నేను లేచి చెబితే, ‘మా పెద్దవాళ్ళంతా ఇట్లానే చేసేవాళ్ళమ్మా’ అన్నాడు. రుయాలో నర్సుగా పనిచేసిన ఒకామె కూడా గొంతు కలిపాక ఆ మాటలున్న పలక తీసేశారు, కానీ పిల్లలకిచ్చిన అచ్చు కాగితంలో ఆ తప్పులు అలాగే ఉండిపోయాయి. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాల పాటు పారే నీళ్ళలో కడిగి, అదే రోజు సూది వేయించాలన్న ముక్క ఒక్కటే ఆ పేజీలో సరిగ్గా ఉంది.

పదకొండున్నరకు టీ విరామం అయ్యాక, నిర్వాహకులలో ఒకామె మైకు అందుకుని, ‘ఇప్పుడు ఆడపిల్లలకు ప్రత్యేక తరగతి. మగపిల్లలందరూ కిందికి వెళ్ళి క్యారమ్స్ ఆడుకోండి’ అని ప్రకటించారు. అది ఒంటిని ఎవరు తాకవచ్చు, ఎవరు తాకకూడదు అన్న పాఠం. మా బాబు కూడా కూర్చోవచ్చా అని నేను దగ్గరికి వెళ్ళి అడిగాను. ‘వాడికెందుకమ్మా ఇవన్నీ, మగపిల్లోడే కదా’ అని ఆమె నవ్వారు. ఆ నవ్వులో చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. నేను తిరిగి ఏమీ అనలేకపోయాను, వాడు సంతోషంగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు, నేను మా పాప పక్కన కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో నాకు నచ్చనిది అదొక్కటే.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం కోసం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు; ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53.22 శాతం, వాళ్ళలో మగపిల్లలే సగానికి కాస్త ఎక్కువ. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకంతో పిల్లలను అప్పగించే స్థానంలో ఉన్నవాళ్ళు. ఇలాంటి నేరాల నుంచి పిల్లలను కాపాడేందుకు చేసిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే అమలులోకి వచ్చింది; అది పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకేలా వర్తిస్తుంది. చట్టం చూపని తేడాను మండపంలో ఒక మైకు చూపింది.

ఆ పాఠం చెప్పిన కౌన్సెలింగ్ ఆమె మంచిదే, తన పని తెలిసినదే. మంచి స్పర్శ, చెడు స్పర్శ అనే మాటలు వాడకుండా, భద్రమైన స్పర్శ, భద్రం కాని స్పర్శ అన్నది; ‘చెడు’ అన్న మాట వినగానే పిల్లలకు తామే చెడ్డపని చేశామనిపిస్తుందని, అప్పుడు నోరు విప్పరని కారణం చెప్పింది. అమ్మానాన్నల పుట్టినరోజు కానుకను దాచిపెట్టడం సరదా, కొన్నాళ్ళకు బయటపడేది. ‘ఎవరికీ చెప్పొద్దు, ఎప్పటికీ చెప్పొద్దు’ అని పెద్దవాళ్ళు అడిగేది దాచకూడని రహస్యం అని పిల్లలకు అర్థమయ్యేలా విడదీసింది. కానీ ఆమెకు దక్కింది ఇరవై నిమిషాలు. నామం తాతకు రెండు గంటలు ఇచ్చినవాళ్ళు, అసలు ప్రమాదం ఎక్కువగా ఎటునుంచి వస్తుందో దానికి భోజనానికి ముందు మిగిలిన ఇరవై నిమిషాలు కేటాయించారు, అందులో అభ్యాసం లేదు, మాటలే. వరండాలో నాటకం వేస్తే తప్ప పిల్లలు నేర్చుకోరని మొదటి ఆదివారం నిరూపించినవాళ్ళే, తెలిసిన మనిషికి ‘వద్దు’ అని చెప్పడం మాత్రం చెబితే వచ్చేస్తుందనుకున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోమన్నప్పుడు, ట్యూషన్ సారు బుగ్గ గిల్లినప్పుడు వద్దనడానికి కావలసిన గొంతు, రోడ్డు మీద అరవడానికి కావలసిన గొంతు కంటే పెద్దది.

ఇంకొక తడబాటు భాషలోనిది. ఒంటి భాగాల పేర్లు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ‘పువ్వు’ అని, ‘అక్కడ’ అని దాటేసింది. ఆమెను తప్పుపట్టడం లేదు. మనలో ఏ ఇంటికి ఆ ఇల్లు పసిమాట ఒకటి పెట్టుకుని ఉంటుంది. కానీ రేపు బిడ్డ వచ్చి బళ్ళో టీచరుతో, ఆసుపత్రిలో డాక్టరుతో తమ ఇంటి మాట చెబితే అవతలివాళ్ళకు అర్థం కాదు, లేదా నవ్వుతారు. ఒంటికి వెళ్ళే చోటు, రెంటికి వెళ్ళే చోటు, రొమ్ము అని సాదాగా చెబితే పిల్లలకు సిగ్గు లేదు, మనకే ఉంటుంది.

పిల్లలకిచ్చిన కాగితంలో పోలీసుల నంబరు 100 మాత్రమే ఉంది. పిల్లల సహాయ సేవ చైల్డ్‌లైన్ నంబరు 1098 లేదు. 1996లో ముంబయిలో మొదలైన ఆ సేవకు పిల్లలే నేరుగా, పైసా ఖర్చు లేకుండా, రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. ఇప్పుడది 112 అత్యవసర సేవతో కలిసి పనిచేస్తోంది. పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక నుంచి లెక్కపెడితే చాలు, నంబరు దానంతటదే గుర్తుంటుంది. తల్లిదండ్రులకు చెప్పవలసినవి కూడా కొన్ని వదిలేశారు. ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది; మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డకు నచ్చిన చోటనో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫారంలో రాకూడదు, రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు. పోలీసు స్టేషను మెట్లెక్కాల్సి వస్తుందేమో, పరువు పోతుందేమో అన్న భయంతోనే ఎన్ని ఇళ్ళలో మాట తొక్కేస్తారో ఆ గదిలో కూర్చున్న మా అందరికీ తెలుసు. వాళ్ళకు ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఉపయోగం ఎంతో.

కాగితంలో రాసిన ‘ఆరుబయట అభ్యాసం’ ఎండ పేరు చెప్పి ఎగ్గొట్టారు. రోడ్డు దాటడం పలకల మీద బొమ్మలతో అయిపోయింది. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్ తప్పనిసరి అని, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ఎక్కించుకుంటే హెల్మెట్‌తోపాటు నడిపేవాళ్ళ ఒంటికి కట్టే పట్టీ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదని చెప్పారు. విన్నవాళ్ళలో సగం మంది పిల్లలను బండి ముందర నిలబెట్టుకుని ఇంటికి వెళ్ళారు. కొండ నడకదారి గురించి మాత్రం బాగా చెప్పారు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో కుటుంబంతో కొండెక్కుతున్న ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, పన్నెండేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తరువాత నడకదారిలోకి పంపకూడదని దేవస్థానం నిర్ణయించింది. ఆ దారిలో పిల్లలు పెద్దల మధ్యన, చెయ్యి అందే దూరంలో నడవాలని, 3,550 మెట్లలో ఒక్క మెట్టు మీద కూడా పందెం పరుగులు వద్దని శిక్షకుడు చెప్పిన తీరుకు పిల్లలు కిక్కురుమనలేదు.

ఆ రాత్రి మిద్దె మీద పరుపులు వేసుకున్నాక మా వాడు ‘అక్కా, మీకేం చెప్పినారు?’ అని అడిగాడు. మా పాప కొంచెం గర్వంగా, కొంచెం విసుగ్గా మొదలుపెట్టి, తనకు చెప్పిన ఇరవై నిమిషాల పాఠాన్ని గంటసేపు చెప్పింది. మధ్యలో వాడు, ‘అట్లయితే ఊరి నుంచి వచ్చే మామ నన్ను గట్టిగా పట్టుకుని గడ్డంతో గుచ్చితే వద్దనొచ్చా?’ అన్నాడు. ‘అనొచ్చు’ అంది. ‘అవ్వ ముద్దు పెట్టమన్నప్పుడు కూడానా?’ అన్నాడు. మా అత్తగారు పక్క పరుపు మీద మేలుకునే ఉన్నారు. కాసేపటికి చీకట్లోంచి, ‘అనొచ్చు నాయనా, నేనేమీ అనుకోను’ అని వినిపించింది. మరునాటి నుంచి ఆమె మనవణ్ణి అడిగి మరీ దగ్గరికి తీసుకుంటున్నారు. ఒక్కోసారి వాడు కావాలనే వద్దంటాడు, ఆమె మూతి ముడుచుకుంటారు, అది వేరే సంగతి. వాళ్ళు నేర్పించని అభ్యాసం మాకు ఇంట్లో అలా మొదలైంది.

వారం తరువాత నిర్వాహకులకు ఫోను చేసి, ప్రథమ చికిత్స కాగితం మార్చమని, మగపిల్లలను లోపల కూర్చోబెట్టమని చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. జూన్ మొదటి వారంలో రెండో విడత కాగితం మా లిఫ్టు పక్కన అతికించారు. రుసుము వెయ్యి రూపాయలైంది, 1098 కొత్తగా వచ్చి చేరింది, ‘ఆడపిల్లలకు ప్రత్యేక తరగతి’ అన్న వాక్యం మాత్రం అలాగే ఉంది. మా చెల్లెలు ఫోను చేసి, ‘అక్కా, మావాణ్ణి చేర్పించనా?’ అని అడిగితే, మొదటి ఆదివారానికి మాత్రమే డబ్బు తీసుకుంటారేమో కనుక్కోమన్నాను.